డియేగో గార్సియా: అద్దె లేని స్థావరానికి లెక్క ఎలా కుదిరింది

మామిడి తోట గుత్తకిచ్చేటప్పుడు కాగితం మీద ఒక అంకె రాసుకుని, మిగతాది పాత బాకీలో కొట్టేసుకోవడం చిత్తూరు వైపు ఎవరికీ వింత కాదు. గుత్త ఎంతని మూడో మనిషి అడిగితే ఆ కాగితమే చూపిస్తారు. 1966 డిసెంబరు 30న లండన్‌లో బ్రిటన్, అమెరికా ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాలు ఇలాంటి కాగితమే. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను రక్షణ అవసరాలకు 50 ఏళ్లు, ఆపైన మరో 20 ఏళ్లు వాడుకోవచ్చని, స్థలానికి అమెరికా ఏమీ చెల్లించనక్కర్లేదని అందులో ఉంది. ఆ దీవుల్లో పెద్దదైన డియేగో గార్సియాలోని సైనిక స్థావరం ఆ ఉత్తరాల మీదే లేచింది. అద్దె సున్నా. బాకీలో కొట్టేసింది మాత్రం కోటీ 40 లక్షల డాలర్ల దాకా.

అసలు ఖర్చు ఎక్కడ పుట్టిందో ముందు చూడాలి. చాగోస్ అప్పటికి బ్రిటిష్ వలసగా ఉన్న మారిషస్‌లో భాగం. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇచ్చేలోపే దీవులను విడదీసుకోవాలని బ్రిటన్ తొందర. 1965 సెప్టెంబరు 23న లండన్‌లోని లాంకస్టర్ హౌస్‌లో మారిషస్ నాయకుడు శివసాగర్ రామ్‌గులామ్ బృందం చేత ఒప్పించుకుని, నవంబరు 8న బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతం పేరిట కొత్త వలసను పుట్టించింది. మారిషస్ నాయకులు మొదట అడిగింది రొక్కం కాదు, అమెరికాలో పంచదార అమ్ముకునే కోటా. చెరకు మీద బతికే దేశానికి అది ఏటా వచ్చే రాబడి. అది దొరకలేదు. చివరికి ఒకేసారి 30 లక్షల పౌండ్లు, రక్షణ అవసరం తీరాక దీవులు తిరిగి ఇస్తామనే మాట దక్కాయి. (ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశమది, మన తెలుగు కూలీల వారసులు ఇప్పటికీ ఉన్నారు. అయినా ఈ బేరం సంగతి మన వైపు పెద్దగా తెలియదు.)

సీషెల్స్ నుంచి కూడా అల్డాబ్రా, ఫార్కూహర్, దెరోష్ దీవులను తీసుకున్నారు. వాటికి బదులుగా మాహే దీవిలో అంతర్జాతీయ విమానాశ్రయం కట్టివ్వాలి. చాగోస్‌లో కొబ్బరి తోటలున్న కంపెనీకి 1967లో 6 లక్షల 60 వేల పౌండ్లు ఇచ్చి కొనేశారు. విడదీయడానికి ఇలా మొత్తం కోటి పౌండ్లవుతుందని అంచనా. ఆనాటి మారకం పౌండుకు 2 డాలర్ల 80 సెంట్లు, అంటే 2 కోట్ల 80 లక్షల డాలర్లు. అందులో సగం అమెరికా భరించాలని మాట. కోటీ 40 లక్షలు అక్కడి నుంచే వచ్చింది.

ఇక ఆ సగాన్ని ఇచ్చిన తీరు. రొక్కంగా ఇవ్వాలంటే అమెరికా కాంగ్రెస్‌లో పద్దు పెట్టి ఆమోదం తీసుకోవాలి, ఎందుకని సభ్యులు అడుగుతారు. బ్రిటన్‌కు వేరే బెంగ: అమెరికా డబ్బు ఉందని తెలిస్తే మారిషస్ ఇంకా అడుగుతుంది, ఐక్యరాజ్యసమితిలో దీవులను సైన్యానికి అమ్ముకున్నారన్న మాట పడాలి. ఇద్దరికీ గుట్టు కావాలి. అప్పటికే నడుస్తున్న ఒక ఖాతా చేతికొచ్చింది. 1963 ఒప్పందం ప్రకారం బ్రిటన్ తన జలాంతర్గాములకు అమెరికా నుంచి పొలారిస్ క్షిపణులు కొంటోంది. సరుకు ధర మీద పరిశోధన ఖర్చుల వాటాగా 5 శాతం అదనంగా కట్టాలి. ఆ 5 శాతంలోంచి కోటీ 40 లక్షల డాలర్ల వరకు మాఫీ చేస్తామని అమెరికా ఒప్పుకుంది. చెల్లుకు చెల్లు. ఎటు నుంచీ చెక్కు రాయలేదు, రావలసింది రాలేదంతే. ఈ సర్దుబాటు బయటికిచ్చిన ఉత్తరాల్లో లేదు, వేరే రహస్య ఉత్తరంలో ఉంది.

5 శాతం లెక్కన కోటీ 40 లక్షలు మాఫీ కావాలంటే కనీసం 28 కోట్ల డాలర్ల సరుకు కొనాలి. అంటే అమెరికా వాటా ఒక్క రోజులో ముట్టేది కాదు, కొనుగోళ్లు సాగేకొద్దీ విడతలుగా ముట్టేది. పైగా మాఫీకి ఒక గరిష్ఠ హద్దు ఉంది. అంచనా దాటిన ఖర్చు ఏదైనా బ్రిటన్ నెత్తినే. గుట్టుగా సర్దుబాటు చేసుకున్నవాడు తర్వాత వెళ్లి ఇంకా ఇమ్మని బహిరంగంగా అడగలేడు, ఈ పద్ధతిలోని పెద్ద తిరకాసు అదే.

గుట్టు దాదాపు పదేళ్లు నిలిచింది. 1976 జనవరిలో అమెరికా కాంగ్రెస్ తరఫు ఆడిట్ కార్యాలయం దీని మీద నివేదిక ఇచ్చింది. ఇలా సర్దుబాటు చేయడాన్ని చట్టం నేరుగా అడ్డుకోలేదు గానీ కాంగ్రెస్ పర్యవేక్షణను దాటవేయడమేనని తేల్చింది.

నడిపే ఖర్చు సంగతి తేలిక. ఎవరి అవసరానికి కట్టుకున్నది వాళ్లే కట్టుకోవాలి, వాళ్లే నడుపుకోవాలని 1966 ఉత్తరాల్లోనే ఉంది. రన్‌వే, రేవు, ఇంధన ట్యాంకులు అమెరికావి. పాలన బ్రిటన్‌ది.

ఈ పంపకంలో ఏ పద్దులోనూ సరిగా చోటు దొరకనివాళ్లు దీవుల జనం. 1968 నుంచి 1973 లోపు 1,500 మందికి తక్కువ కాకుండా వెళ్లగొట్టారు. వాళ్ల పునరావాసానికని బ్రిటన్ 1972లో మారిషస్ ప్రభుత్వంతో 6 లక్షల 50 వేల పౌండ్లకు ఒప్పుకుంది. అది జనం చేతికి అందింది 1978లో. మధ్యలో ధరలు పెరిగి సొమ్ము విలువ కరిగిపోయింది. 1982లో ఇంకో 40 లక్షల పౌండ్లు ఇచ్చారు. కొబ్బరి తోటల కంపెనీకి 1967లోనే ముట్టినదాన్ని, మనుషులకు 1972లో రాసినదాన్ని పక్కపక్కన పెట్టి చూడండి: 6.6 లక్షలు, 6.5 లక్షలు.

ఒకరి నేల, ఇంకొకరి సైన్యం, ఖర్చు మూడోవాడి ఖాతాలో అన్న పద్ధతి మన గడ్డకు పాతదే. 1750ల్లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ యుద్ధ ఖర్చుల కింద తిరుపతి ఆలయ ఆదాయాన్నే ఈస్టిండియా కంపెనీకి తాకట్టు పెట్టాడు. 1787లో నవాబు, కంపెనీ ఖర్చుల ఒప్పందం రాసుకున్నారు: శాంతి కాలంలో కంపెనీ సైన్యానికి నవాబు ఏటా 9 లక్షల వరహాలు, అప్పులవాళ్లకు 12 లక్షలు, యుద్ధమొస్తే ఇరుపక్షాలూ తమ రాబడిలో అయిదింట నాలుగు వంతులు. నవాబు కట్టలేకపోయాడు. 1792లో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ అప్పుల వాయిదాను 6,21,105 వరహాలకు తగ్గించి, సైన్యం 9 లక్షలను అలాగే ఉంచాడు. వరహా మూడున్నర రూపాయల లెక్కన ఆ 9 లక్షలే 31 లక్షల 50 వేల రూపాయలు.

ఆ 1792 కాగితంలో పొలారిస్ ఉపాయానికి తాతలాంటి షరతు ఉంది. కాళహస్తి, కార్వేటినగరం లాంటి పాలెగాళ్లు నవాబుకు కట్టే పేష్కషు (కప్పం) 2,64,704 వరహాలను ఇకపై కంపెనీయే నేరుగా వసూలు చేసుకుని నవాబు ఖాతాలో జమ వేస్తుంది. కాగితం మీద అది నవాబుకు చేసిన సాయం. కానీ వసూలు చేసేవాడే ఊరి మీద పెత్తనం చేస్తాడు, ఆ సంగతి పాలెగాళ్లకు వెంటనే అర్థమైంది. 1801లో కర్ణాటకమంతా కంపెనీ చేతిలోకి పోయి, నవాబుకు నికర రాబడిలో అయిదో వంతు మిగిలింది. చిత్తూరు పాలేలు కూడా అప్పుడే కంపెనీ కిందికి వచ్చాయి. 1804కల్లా అక్కడ తిరుగుబాటు.

డియేగో గార్సియా విషయంలో అద్దె సున్నా రోజులను మార్చే కాగితం మీద బ్రిటన్, మారిషస్ 2025 మే 22న సంతకాలు చేశాయి. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం చాగోస్‌ను విడదీయడం చెల్లలేదని అభిప్రాయం చెప్పాక నలిగి నలిగి కుదిరిన ఒప్పందమిది. దాని ప్రకారం సార్వభౌమత్వం మారిషస్‌ది, డియేగో గార్సియా 99 ఏళ్లు బ్రిటన్‌కు కౌలు. చెల్లింపులు ఇలా రాసుకున్నారు: మొదటి 3 ఏళ్లు ఏటా 16.5 కోట్ల పౌండ్లు, 4 నుంచి 13వ ఏడు దాకా ఏటా 12 కోట్లు, 14వ ఏటి నుంచి ఆ 12 కోట్లు ధరల పెరుగుదలను బట్టి పెరుగుతాయి. చాగోస్ జనం కోసం ఒకసారి 4 కోట్ల నిధి. అభివృద్ధికి 25 ఏళ్లపాటు ఏటా 4.5 కోట్లు. స్థావరం నడిపే ఖర్చు మామూలుగానే అమెరికాది. కౌలు సొమ్ము బ్రిటన్‌ది.

దీని మొత్తం ఎంత అంటే మూడు అంకెలు వినిపిస్తాయి, మూడూ ఒకే కాగితం నుంచి వచ్చినవే. బ్రిటిష్ ప్రభుత్వం 340 కోట్ల పౌండ్లంది. సగటున ఏటా 10.1 కోట్లను 99తో గుణిస్తే 1,000 కోట్లు వస్తాయి. విపక్షం దాదాపు 3,500 కోట్లంది. చీటీ పాడినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు: ఆఖరి నెల అందే లక్ష, ఇవాళ అందే లక్ష ఒకటి కావు. బ్రిటిష్ ఖజానా మొదటి 30 ఏళ్లకు ఏటా 3.5 శాతం, తర్వాత అంతకంటే తక్కువ రేటు కోసి లెక్కేస్తుంది. ఆ రేటుకు 30 ఏళ్ల తర్వాత ఇచ్చే 100 పౌండ్లు ఇవాళ్టికి 36 లోపే. కోత వేస్తే 340. ధరలను ఇవాళ్టి స్థాయిలో ఆపి కోత లేకుండా కూడితే 1,000. పెరగబోయే ధరలతో సహా, 99 ఏళ్లలో చేతులు మారే నోట్లన్నీ కూడితే 3,500.

నన్నడిగితే చూడాల్సింది మొత్తం కాదు, 13వ ఏడు. అప్పటిదాకా అంకె ధరలతో పాటు పెరగదు కాబట్టి ధరలు పెరిగినంత మేరా మారిషస్‌కు ముట్టే విలువ తగ్గుతుంది. ధరలు ఏటా 2 శాతం పెరిగాయనుకున్నా, 13వ ఏట అందే 12 కోట్లు ఇవాళ్టి 9.3 కోట్ల పాటి. 14వ ఏట పెరుగుదల మొదలయ్యేది ఆ తగ్గిన మెట్టు నుంచే.