నాణేల అమ్మకానికి జీఎస్టీ: నా అనుభవం

పాత నాణెం అమ్మితే పన్నెందుకు, అది డబ్బే కదా అని చాలామంది అడుగుతుంటారు. జీఎస్టీ చట్టం సెక్షన్ 2(75)లో డబ్బు అంటే ఏమిటో చెబుతూ చివర్లో ఒక మెలిక పెట్టారు. సేకరణ విలువ కోసం దాచిన కరెన్సీ డబ్బు కిందికి రాదు. 1969లో గాంధీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. దాన్ని కిరాణా కొట్లో ఇచ్చి పది రూపాయల సరుకు తెచ్చుకుంటే అది డబ్బు. అదే నాణేన్ని నేను 1,750కి అమ్మితే సరుకు. సరుకు అన్నాక పన్ను ఉంటుంది, పన్ను ఉన్నాక కాగితాలు ఉంటాయి.

బ్యాంకులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నాణేలు పోగేశాను. రిటైరయ్యాక డబుల్స్ (నా దగ్గర ఒకటికి మించి ఉన్నవి) అమ్మడం మొదలుపెట్టి, మెల్లగా కొని అమ్మే వరకూ వచ్చాను. ఉండేది హైదరాబాద్‌లో. సరుకుల వ్యాపారంలో తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ (ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు). నా అమ్మకాలు ఆ దరిదాపుల్లో లేవు. కానీ అడిగేవాళ్లలో సగం మంది విజయవాడ, గుంటూరు, బెంగళూరు వాళ్లే. రాష్ట్రం దాటి ఒక్క నాణెం అమ్మినా 20 లక్షల లెక్కతో పని లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నా చిన్నప్పుడు బెజవాడ, హైదరాబాద్ ఒకే రాష్ట్రం. ఇప్పుడు కొరియర్ కోదాడ దాటితే ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే జీఎస్టీ. చిన్న వ్యాపారుల కోసం ఉన్న కాంపోజిషన్ స్కీమ్‌లో చేరితే అమ్మకాల మీద 1 శాతం కట్టి ఊరుకోవచ్చు కానీ, అందులో ఉన్నవాళ్లు పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. కాబట్టి మామూలు రిజిస్ట్రేషనే.

దీనికి ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకోటి ఉంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి, దేశం దాటించడం ప్రైవేటు మనిషికి కుదరదు. అందుకని నా వ్యాపారమంతా ఆ గీతకి ఇటువైపే పెట్టుకున్నాను. 1940 నుంచి 1945 దాకా వచ్చిన బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మతో ఉన్న సగం వెండి రూపాయలు, నిజాం చివరి ఏళ్ల సిక్కాలు, స్వాతంత్ర్యం తర్వాతి స్మారక నాణేలు. వాటికి ముందువి నా సొంత సేకరణలో ఉన్నాయి, అవి అమ్మకానికి కాదు. ఈ గీత ఏటా ఒక ఏడాది ముందుకు జరుగుతూ ఉంటుంది, అదొక చిత్రం. ఇక పొలంలో దొరికాయంటూ మట్టి అంటుకున్న నాణేలు తెచ్చేవాళ్లని గుమ్మంలోంచే పంపించేస్తాను. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అలాంటివి దొరికితే చెప్పాల్సింది కలెక్టర్‌కి. నాణేల కలెక్టర్‌కి కాదు, జిల్లా కలెక్టర్‌కి.

రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. పాన్, ఆధార్, ఫోటో, బ్యాంకు వివరాలు, వ్యాపారం చేసే చోటికి ఆధారం. నా వ్యాపారం ఫ్లాట్‌లోనే. కరెంటు బిల్లు మా ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి ఆమె దగ్గర అంగీకార పత్రం రాయించుకోవాల్సి వచ్చింది. “ముప్పై ఏళ్లు బీరువా ఆక్రమించుకున్నప్పుడు అడగలేదు, ఇప్పుడు గవర్నమెంటు చెబితే అడుగుతున్నారా” అంటూనే సంతకం పెట్టింది. దరఖాస్తు వెళ్లాక నోటీసు వచ్చింది. సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఇంట్లో ఈ వ్యాపారం ఎలా చేస్తారు, వివరించండి అని. దానికి ఏడు పని దినాల్లో జవాబివ్వాలి. కాస్త టెన్షన్ పడ్డాను కానీ అడిగింది న్యాయమైన ప్రశ్నే. ఇళ్ల నుంచి, ఇతర వ్యాపారుల నుంచి, ప్రభుత్వ టంకశాల నుంచి కొంటానని విడివిడిగా రాసి, బీరువా ఫోటో కూడా పెట్టాను. చూడ్డానికి వచ్చిన అధికారి “షాపు ఇదేనా సార్?” అని రెండుసార్లు అడిగి, నిజాం సిక్కా ఒకటి చేతిలోకి తీసుకుని, తాతగారి ఇంట్లో ఇలాంటివి ఉండేవని చెప్పి వెళ్లారు.

సర్టిఫికెట్ వచ్చాక గుమ్మం దగ్గర జీఎస్టీ నంబరుతో బోర్డు పెట్టాలి. అపార్ట్‌మెంట్‌లో నాణేలు, వెండి అని బోర్డు పెట్టుకోవడమంటే దొంగలకి అడ్రసు రాసిపెట్టినట్టే. వ్యాపారం పేరు, నంబరు మాత్రమే రాయించాను. దేని వ్యాపారమో పక్క ఫ్లాట్ వాళ్లకి ఇప్పటికీ తెలియదు.

అసలు కథ పన్ను లెక్కలో ఉంది. గాంధీ నాణెం 15 గ్రాములు, 80 శాతం వెండి. అంటే అసలు వెండి 12 గ్రాములు. వెండి కిలో లక్ష దగ్గరున్న రోజుల్లో ఎవరో ఇంట్లోంచి తెచ్చి ఇస్తే 1,400 పెట్టి కొన్నాననుకుందాం. 1,750కి అమ్మాను. మొత్తం మీద 5 శాతం జీఎస్టీ అంటే 87 రూపాయల 50 పైసలు. నాకు మిగిలింది 350, అందులో నాలుగోవంతు పన్నుకే పోతుంది. ఇంట్లోవాళ్లు తమ పాత వస్తువు అమ్ముకుంటే అది వ్యాపారం కాదు, కాబట్టి నాకు అమ్మినవాళ్లు జీఎస్టీ కట్టరు. పాత బంగారం గురించి 2017 జులైలోనే కేంద్రం ఆ సంగతి స్పష్టం చేసింది. వాళ్లు కట్టలేదు కాబట్టి నాకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని అమ్మినప్పటి పన్నులోంచి తగ్గించుకోవడం) కూడా ఉండదు.

దీనికి దారి జీఎస్టీ నియమాల్లోని రూల్ 32(5). వాడిన వస్తువుని రూపం మార్చకుండా అమ్మి, కొన్నప్పుడు క్రెడిట్ తీసుకోకపోతే, లాభం మీద మాత్రమే పన్ను. 350 మీద 5 శాతం అంటే పదిహేడున్నర. నష్టానికి అమ్మితే పన్నే లేదు. 2021లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ (వ్యాపారుల పన్ను సందేహాలకి ముందుగానే జవాబిచ్చే సంస్థ) పాత నగలు కరిగించకుండా అమ్మే వ్యాపారికి ఇదే పద్ధతి ఒప్పుకుంది. ఆ ఉత్తర్వు ఆ వ్యాపారికి మాత్రమే వర్తిస్తుందనుకోండి. అయినా మా ఆడిటర్ గారు దాని కాపీ ఫైల్లో పెట్టి, నాణేలకీ అదే తర్కం అన్నారు.

కాకపోతే ఈ వెసులుబాటు ఊరికే రాదు. ప్రతి నాణేనికి కొన్న ధర, కొన్న తేదీ, ఎవరి దగ్గర కొన్నామో ఉండాలి. సరుకు రెండు గుట్టలుగా విడగొట్టుకోవాలి. ఇళ్ల నుంచి వచ్చినవి లాభం లెక్కలో, జీఎస్టీ బిల్లుతో కొన్నవి క్రెడిట్ తీసుకుని పూర్తి పన్ను లెక్కలో. 2023లో మన హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం చూడండి. 35 గ్రాములు, సగం వెండి. టంకశాల నుంచి నా నంబరు మీద బిల్లు చేయించుకున్నది ఒక రిజిస్టర్లో, అభిమాని ఒకాయన తన దగ్గర రెండున్నాయని నాకు అమ్మింది ఇంకో రిజిస్టర్లో. నాణెం ఒకటే, పక్కపక్కన పెడితే నేనే తేడా చెప్పలేను. అందుకే కవర్ల మీద రంగు చుక్కలు అంటిస్తున్నాను.

కొనుగోలు రసీదు రాయడం ఇంకా కష్టం. పేరు, ఊరు, ఆధార్ కాపీ, సంతకం అడిగేసరికి సగం మంది అనుమానంగా చూస్తారు. ఒకరికి ఒక రోజులో పదివేలకి మించి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు, కాబట్టి బ్యాంకులో వేస్తానంటాను. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ “బ్యాంకుల ఏస్తె నా కొడుకు తీస్కుంటడు బిడ్డా, పైసలు నా చేతిల వెట్టు” అంది. చట్టం రాసినవాళ్లకి ఈ కొడుకు సంగతి తెలియదు. పదివేలకి లోపు సరిపడా నాణేలు మాత్రం కొని, మిగతావి ఆమె కొంగులోనే కట్టి పంపాను.

ఇక 5 శాతమా, 3 శాతమా అన్న తకరారు. వెండి, బంగారం, నగలు, మామూలు నాణేలు 3 శాతం. సేకరణ విలువతో అమ్మే నాణేలు పన్ను పట్టికలో 9705 నంబరు కిందికి వచ్చి 5 శాతం. వెండి కిలో లక్ష దాటినప్పటి నుంచి ఇది సరదా ప్రశ్నగా మిగల్లేదు. ఆరో జార్జి రూపాయిలో 5.83 గ్రాముల వెండి ఉంటుంది. గ్రాము వంద చొప్పున చూసినా లోహమే 583. అరిగిపోయిన మామూలు ఏడాది నాణేనికి సేకరించేవాళ్లు అంతకంటే పెద్దగా ఎక్కువ ఇవ్వరు. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో తూకానికి ఇస్తే 3 శాతం, ప్రేమగా ఆల్బమ్‌లో పెట్టుకునేవాడికి ఇస్తే 5. దాచుకునేవాడికి ఎక్కువ, కరిగించేవాడికి తక్కువ! ఈ ఏర్పాటు నాకు ససేమిరా నచ్చదు. లాభం లెక్క పద్ధతి లేకపోతే ఎన్ని నాణేలు కుంపటికి వెళ్లేవో. ప్రస్తుతం నేను పాటిస్తున్నది ఇది: ధర నాణేన్ని చూసి పెడితే 5, తూకం చూసి పెడితే 3. బిల్లు మీద ఏడాది, టంకశాల, స్థితి రాస్తాను, ఎవరడిగినా చూపించడానికి.

కొనేవాళ్లలో “బిల్లు లేకుండా ఎంత?” అనేవాళ్లు తగ్గలేదు. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, పన్ను పదిహేడు రూపాయలు, దానికోసం బేరం వద్దు. బిల్లుంటే రేపు వాళ్లు అమ్ముకునేటప్పుడు కొన్న ధరకి రుజువు ఉంటుంది. నకిలీ అని తేలితే నా గుమ్మం తొక్కడానికీ అదే ఆధారం.

రిటర్నులు మూడు నెలలకోసారి. అమ్మకం లేకపోయినా నిల్ అని పెట్టాల్సిందే. అది పెద్ద పనేం కాదు. పెద్ద పని ఎగ్జిబిషన్లు. బెంగళూరులో బల్ల వేసుకుని అమ్మాలంటే తెలంగాణ నంబరు పనికిరాదు. కర్ణాటకలో తాత్కాలిక వ్యాపారిగా వేరే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. మొదలయ్యేందుకు కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, ఎంత పన్ను పడుతుందో అంచనా వేసి ముందే జమ చేయాలి. అమ్మకం తక్కువైతే మిగిలింది వాపసు ఇస్తారు గానీ, రిటర్నులన్నీ పెట్టాకే. మూడు రోజుల బల్లకి ఇంత తతంగమా అని చాలామంది చిన్న వ్యాపారులు కొనడానికి మాత్రమే వస్తారు. నేను మాత్రం అన్నీ కట్టే వెళ్లాను. అక్కడ జనం బాగానే ఉన్నారు, ఎక్కువగా చూసేవాళ్లు.

వచ్చే ఎగ్జిబిషన్ చెన్నైలో. దరఖాస్తు పెట్టేశాను, ఈసారి అంచనా మాత్రం తగ్గించి వేశాను.