చిరిగిన ఇరవై డాలర్లు

కంబోడియాకి ఈ-వీసా ముందే తీసుకోవచ్చని తెలుసు. 2019లో దానికి 36 డాలర్లు. దిగాక విమానాశ్రయంలోనే తీసుకుంటే 30. మనిషికి ఆరు డాలర్లు మిగులుతాయి కదా అని కక్కుర్తిపడ్డాను. అమ్మకి ఈ లెక్క అస్సలు నచ్చలేదు. "అంతదూరం వెళ్లాక ఇవ్వం పొమ్మంటే ఏం చేస్తావురా?" అని విమానం ఎక్కేదాకా అడుగుతూనే ఉంది.

బ్యాంకాక్‌లో విమానం మారాం. అక్కణ్నుంచి కంబోడియాలోని సియెమ్ రీప్‌కి గంట. ఆ గంటా ఫారాలు నింపడానికే సరిపోయింది: వీసా దరఖాస్తు, అరైవల్ కార్డు, కస్టమ్స్ కాగితం, అన్నీ రెండేసి. వృత్తి ఏం రాయాలమ్మా అంటే, "టీచరని రాయి. రిటైరైన సంగతి వాళ్లకెందుకు?" అంది. (2024 సెప్టెంబరు నుంచి ఈ-అరైవల్ అని ఆన్‌లైన్‌లోనే నింపాలి. ఈ చర్చకి ఇంట్లోనే తీరిక దొరుకుతుంది.)

అప్పటి సియెమ్ రీప్ విమానాశ్రయం చిన్నది. మెట్లు దిగి టెర్మినల్ దాకా నడిచే వెళ్లాం. ఏటవాలు కప్పులతో అదేదో పెద్ద అతిథిగృహంలా ఉంది. 2023 అక్టోబరులో ఊరికి దూరంగా కొత్తది తెరిచి దాన్ని మూసేశారు.

లోపల పొడవాటి కౌంటరు. దాని వెనక యూనిఫాం వేసుకున్న అధికారులు వరసగా, పెళ్లి బంతిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. మొదటాయన పాస్‌పోర్టు, ఫారం, ఫొటో చూసి డబ్బు తీసుకుంటాడు. ఇక అక్కణ్నుంచి పాస్‌పోర్టు చేతులు మారుతూ పోతుంది. ఒకరు తిరగేస్తారు, ఒకరు పేరు ఎక్కిస్తారు, ఒకరు స్టిక్కరు అంటిస్తారు, ఒకరు ముద్ర కొడతారు. మనం ఈ చివర ఇచ్చి ఆ చివర నిలబడాలి.

మా ఇద్దరికీ కలిపి 60 డాలర్లు, మూడు ఇరవైలు. చేతిసంచిలో నేను విడిగా పెట్టుకున్నవి అవే, మిగతావి లగేజీలో ఉండిపోయాయి. ఆయన రెండు నోట్లు పక్కన పెట్టాడు. మూడోదాని అంచుని బొటనవేలితో తడిమి, వెలుతురుకెత్తి చూసి, నా వైపు జరిపాడు. అంచున గోరంత చిరుగు. అంతే. ఆ దేశానికి రియెల్ అని సొంత కరెన్సీ ఉన్నా వ్యాపారం చాలావరకు డాలర్లలోనే నడిచేది, కానీ చిరిగిన డాలరు ఎవరూ తీసుకోరు. ఈ సంగతి నేను చదివాను కూడా. నోట్లు మార్చుకున్న చోట మాత్రం లెక్క చూసుకున్నానే గానీ అంచులు చూసుకోలేదు.

"ప్లీజ్" అన్నాను. ఆయన నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. వెనక క్యూ పెరుగుతోంది. కార్డు తీశాను, అది చూసి కూడా అదే నవ్వు.

అమ్మ ఏమీ అనలేదు. బ్యాగులోంచి చిన్న జిప్పు పర్సు, అందులోంచి మందుల ప్లాస్టిక్ కవరు, అందులోంచి నాలుగు మడతలు పెట్టిన ఇరవై డాలర్ల నోటు తీసి కౌంటరు మీద సాపు చేసింది. మడతలతో వాళ్లకి పేచీ లేదు. ఎక్కడిదని అడిగితే, "నువ్విచ్చిందే. ఖర్చుపెట్టుకోమన్నావుగా" అంది.

ఆ చివర ఒకాయన పేర్లు పిలుస్తున్నాడు. మా ఇంటిపేరు ఆయన నోట్లో పడి ఏమైందో గానీ మేమిద్దరం కదల్లేదు. చివరికి పాస్‌పోర్టు విప్పి ఫొటో మావైపు తిప్పి పట్టుకున్నాడు. అమ్మ తన ముఖాన్ని గుర్తుపట్టి చెయ్యెత్తింది, తరగతిలో హాజరు పలికినట్టు. వీసా స్టిక్కరు పేజీ మొత్తం ఆక్రమించింది. టూరిస్టని సూచించే టీ అక్షరం, 30 రోజులు, ఒక్కసారి ప్రవేశానికే. ఇమ్మిగ్రేషన్‌లో వేలిముద్రలు ఇచ్చి బయటపడ్డాం.

ఆ చిరుగు నోటుని టుక్‌టుక్ అబ్బాయికి ఇవ్వబోయాను. చీకట్లో కూడా కనిపెట్టి తిరిగిచ్చేశాడు. మర్నాడు అంగ్‌కోర్ పాత గుళ్లు చూడ్డానికి టికెట్లు, మనిషికి 37 చొప్పున 74 డాలర్లు. తీసుకుంటారేమోనని నోట్ల మధ్యలో దాన్నీ కలిపి ఇచ్చాను. కౌంటర్లోని అమ్మాయి లెక్కపెడుతూ దాని దగ్గర ఆగింది. అమ్మ నా వైపు చూడకుండానే బ్యాగు జిప్పు లాగింది.