లెస్టర్ కేర్ హోమ్‌లో నేర్చుకున్నది మా జేజికి పనికొచ్చింది

2022 చివర్లో మా ఆయన ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని లెస్టర్‌కి వెళ్లాం. కోవూరు దగ్గర పల్లెలో పుట్టి, నెల్లూరులో చదువుకుని, ఎప్పుడూ నలుగురి మధ్య పెరిగినదాన్ని. అక్కడ చలికాలం నాలుగింటికే చీకటి పడిపోయేది. పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. మా వీధి చివర వృద్ధుల కేర్ హోమ్ ఒకటి ఉండేది. కిటికీ పక్క కుర్చీలో ఒక పెద్దావిడ రోజూ కూర్చుని ఉండేది, అచ్చం మా జేజి అరుగు మీద కూర్చున్నట్టే. ఒకరోజు చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది. మరుసటి వారం లోపలికి వెళ్లి, వారానికి ఒక పూట వచ్చి పెద్దవాళ్లతో మాట్లాడొచ్చా అని అడిగాను.

మన దగ్గర పుట్టినరోజుకి ఆశ్రమానికి వెళ్లి, భోజనం పెట్టి, పెద్దవాళ్ల పక్కన నిలబడి ఫొటో దిగి వచ్చేస్తాం. నేనూ అలా రెండుసార్లు వెళ్లాను. లెస్టర్‌లో మాత్రం లోపల అడుగు పెట్టడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

ముందు అప్లికేషన్, మన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు. తర్వాత డీబీఎస్ అని నేరచరిత్ర తనిఖీ. వాలంటీర్లకు దానికి ఫీజు లేదు. కానీ గత అయిదేళ్లలో ఎక్కడెక్కడ ఉన్నామో నెలలతో సహా, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. నెల్లూరులో హాస్టల్, ఆ తర్వాత అద్దె ఇల్లు, పెళ్లికి ముందు మా పల్లె. మా ఇంటికి వీధి పేరంటూ ఏదీ లేదు. రామాలయం పక్క సందు అంటే పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. ఫారంలో ఆ గడి ఎలా నింపాలో తెలియక రెండు రోజులు కూర్చున్నాను. లెస్టర్ అడ్రస్‌కి రుజువు అడిగితే ఇంకో తిప్పలు. కరెంటు బిల్లు, అద్దె కాగితం అన్నీ మా ఆయన పేరు మీదే ఉన్నాయి. జాయింట్ అకౌంట్ తెరిచి ఆ స్టేట్‌మెంట్ ఇచ్చాను.

డీబీఎస్‌లో తెలిసేది ఆ దేశంలోని రికార్డులే. నేను కొత్తగా వెళ్లినదాన్ని కాబట్టి ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కూడా కావాలన్నారు. దానికి అక్కడి నుంచే అప్లై చేస్తే, విచారణకు పోలీసులు మా పల్లెకు వచ్చారు. నాయన కంగారుగా ఫోన్ చేశాడు. "ఏందమ్మా, మన ఇంటికి పోలీసులొచ్చినారు, ఆడ ఏమన్నా ఇబ్బందిలో ఉండావా?" విషయం చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ముసిలోళ్ల దగ్గర కూర్చోడానికి ఇంత అడుగుతారా? మంచిదేలే" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నోరు లేనివాళ్లున్న చోటికి ఎవరిని రానిస్తున్నారో చూసుకోవాలి కదా.

నాది డిపెండెంట్ వీసా కాబట్టి వాలంటీర్‌గా చేయడానికి అడ్డేమీ లేదు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలు చాలామంది అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను: వాళ్లు మొత్తం కలిపి 30 రోజులకు మించకుండా, అదీ రిజిస్టర్ అయిన చారిటీకే చేయాలి. ప్రయాణం అసలు ఉద్దేశం అదే కాకూడదు.

మొదలుపెట్టే ముందు ట్రైనింగ్ ఇచ్చారు. చేతులు కడుక్కోవడం, మంటలు లేస్తే ఎటు పోవాలి లాంటివి తొందరగానే అయిపోయాయి. నా మనసులో నిలిచిపోయినవి వేరే ఉన్నాయి. తలుపు తెరిచే ఉన్నా తట్టి, రమ్మన్నాకే లోపలికి పోవాలి. అది వాళ్ల ఇల్లు. మనిషిని లేపడం, తినిపించడం, మందులివ్వడం నా పని కాదు, ఎంత జాలేసినా సరే. ఎవరైనా "ఎవరికీ చెప్పకు" అని ఏదైనా బాధ చెప్పుకుంటే, చెప్పనని మాటివ్వకూడదు. ఆ బాధ వెనక ఎవరైనా వాళ్లను కొడుతున్నారేమో, డబ్బు లాక్కుంటున్నారేమో మనకు తెలియదు.

ఇంకొకటి, ఎవరిని ఎలా పిలవాలో వాళ్లనే అడగాలి. కిటికీ పక్క పెద్దావిడకు తొంభై దాటాయి. తనను పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు. మా ఊళ్లో మీ వయసు వాళ్లను అవ్వా అంటాం, అలా పిలవనా అని అడిగాను. రెండుమూడు సార్లు పలికి చూసుకుని, సరే అంది. ఆ తర్వాత అక్కడ పెద్దవాళ్లను చూసుకునే కేరర్లు కూడా ఆమెను అవ్వా అనేవాళ్లు.

ఆమెకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. మధ్యాహ్నమంతా బాగానే ఉండేది. వెలుతురు తగ్గేకొద్దీ టెన్షన్ పడేది. కోటు వేసుకుని, అమ్మ వస్తుంది, స్టేషన్‌కి పోవాలి అని లేచేది. మొదటిసారి నేను తెలియక, మీ అమ్మ పోయి చాలా ఏళ్లయింది కదా అనేశాను. అప్పుడే కబురు విన్నట్టు ఏడ్చింది. అమ్మను ఆ సాయంత్రం మళ్లీ పోగొట్టుకుంది. ఆ ఏడుపు నా వల్లే. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. తర్వాతి వారం, కేరర్ నేర్పినట్టు, "మీ అమ్మ ఎలా ఉండేది అవ్వా?" అని అడిగాను. కూర్చుని చెప్పింది. 1939 సెప్టెంబర్‌లో యుద్ధం మొదలైనప్పుడు బాంబుల భయంతో లండన్ పిల్లలను రైళ్లెక్కించి పల్లెలకు పంపారు. అప్పుడామెకు ఎనిమిదేళ్లు. కోటుకి పేరు రాసిన చీటీ కట్టి, మెడలో గ్యాస్ మాస్క్ డబ్బా వేసి, వాళ్లమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి చెయ్యి ఊపిందట. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ఆ స్టేషన్‌కే పోవాలని లేస్తోంది.

ఇంకో రోజు ఒక పెద్దాయన టీ అడిగితే ట్రాలీ మీది కప్పు తీసి ఇవ్వబోయాను. కేరర్ పరుగున వచ్చి కప్పు పట్టుకుంది. పక్షవాతం వచ్చాక ఆయనకు మింగడం సరిగ్గా రావడం లేదు. పల్చటిది ఏది తాగినా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. అందుకని ఆయన తాగే ప్రతిదాంట్లో ఒక పొడి కలిపి చిక్కగా చేస్తారు. ఆ చిక్కదనానికి 0 నుంచి 4 దాకా లెవెల్స్ ఉంటాయి. ఆయనది 2. ఆయన గది తలుపు లోపల రాసే ఉంది, నేను చూడలేదు. ఆ రోజంతా నా చేతులు వణికాయి.

ఏడాది పైగా ప్రతి మంగళవారం వెళ్లాను. ఒక మంగళవారం కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అవ్వ శనివారమే పోయింది. వాలంటీర్లకు ఫోన్ చేసి చెప్పే పద్ధతి లేదు. కాసేపు ఆ కుర్చీ పక్కనే కూర్చుని వచ్చేశాను.

2024లో మేం ఇంటికొచ్చాం. మా జేజికి ఎనభై దాటాయి. మతిమరుపు మొదలైంది. అమ్మకు మోకాళ్లు నొప్పులు, అందుకని జేజిని చూసుకోవడానికి ఒకామెను పెట్టుకున్నాం. వచ్చిన రెండో రోజే నేను గమనించింది, జేజికి మంచినీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతోంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ అమ్మ నెత్తిన తడుతోంది. నాకు మాత్రం ఆ టీ కప్పు గుర్తొచ్చింది. నెల్లూరు తీసుకుపోయి డాక్టర్‌కి చూపించాం. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుక్కలుగా తాగించమన్నాడు. ఎలా చేయాలో జేజిని చూసుకునే ఆమెకు దగ్గరుండి చూపించాను.

లెస్టర్‌లో ప్రతి గదిలో ఒక కాగితం ఉండేది. అక్కడి అల్జీమర్స్ సొసైటీ తయారుచేసిన 'దిస్ ఈజ్ మీ' అనే ఫారం. రోగం గురించి కాదు, మనిషి గురించి రాస్తారు. ఏ పేరుతో పిలవాలి, ఏది ఇష్టం, దేనికి కోపం వస్తుంది, కుదురు తప్పితే ఏం చేస్తే నెమ్మదిస్తుంది. అలాంటిది జేజికి తెలుగులో రాద్దామని ఒక మధ్యాహ్నం నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. కుడి చెవి వినపడదు, ఎడమ పక్క నుంచి మాట్లాడాలి. స్నానం ఎండెక్కినాకే. కాఫీ స్టీలు గ్లాసులో. ముసిలమ్మా అని పిలిస్తే పలకదు.

వయసులో ఉన్నప్పుడు ఏం చేశావు జేజీ అని అడిగితే, తడుముకోకుండా సారా గొడవ ఎత్తుకుంది. దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారని విని 1992లో మా పల్లె ఆడవాళ్లూ లేచారట. "ప్యాకెట్లు తెచ్చే జీపుకి అడ్డంగా కూకున్నాం. చేతిలో చీపుర్లు, కారప్పొడి. మీ తాత ఇంట్లోంచి బయటికి రాలా." 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయిందని నేను పుస్తకంలో చదివాను. దాని కోసం జీపుకి అడ్డం కూర్చున్న మనిషి మా ఇంట్లోనే ఉందని ముప్పై ఏళ్ల వయసొచ్చేదాకా తెలియలేదు. లండన్ అవ్వను అడిగినన్ని ప్రశ్నలు మా జేజిని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ కాగితం బీరువా తలుపుకి అంటించాం. చూసుకునే ఆమె మొదట కొంచెం నొచ్చుకుంది, నాకు తెలీదా అన్నట్టు. ఇప్పుడు జేజి సాయంత్రం చిరాకు పడితే తనే సారా మాట ఎత్తుతుంది. జేజి మంచం మీద నిటారుగా కూర్చుంటుంది.

రాసిందంతా జేజి ఒకసారి చదివించుకుని వింది. "చేపల పులుసు మర్నాడు పెట్టాలని రాయలేదేందే?" అంది.

కింద ఇంకో లైను రాశాను. పులుసు మర్నాటిది, ముళ్లు తీసి.