ర్యోగొకులో పొద్దున్నించి పొద్దుగూకేదాకా

సుమో చూడ్డానికి వచ్చే విదేశీయుల్లో ఎక్కువమంది మధ్యాహ్నం మూడు దాటాకే హాల్లో అడుగుపెడతారు. పెద్ద మల్లులందరూ ఆ తర్వాతే బరిలోకి దిగుతారు కాబట్టి అది సహజమే. కానీ టికెట్టు పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతం నుంచే చెల్లుతుంది. పొద్దున చూడనివాళ్లకి సాయంత్రం కనిపించేదాంట్లో సగం అర్థం కాదు. అందుకే 2025 సెప్టెంబర్ బాషోకి, అంటే పదిహేను రోజుల సుమో పోటీలకి, మొదటి వారంలో ఒక పనిరోజున, తలుపులు తీసే వేళకే వెళ్లాను.

ఏడాదికి ఆరు బాషోలు. జనవరి, మే, సెప్టెంబర్ నెలల్లో తోక్యోలో, మార్చిలో ఒసాకాలో, జూలైలో నగోయాలో, నవంబర్‌లో ఫుకుఓకాలో. ఒక్కోటి ఆదివారం మొదలై పదిహేను రోజులు సాగి ఆదివారమే ముగుస్తుంది. పొద్దుటి పోటీలు చూడాలనుకుంటే మొదటి పన్నెండు రోజుల్లో ఒకటి ఎంచుకోండి. కింది తరగతులవాళ్లకి బాషో మొత్తంలో ఏడే పోటీలు. చివరి మూడు రోజులకి వాళ్లవి దాదాపు అయిపోయి ఉంటాయి కాబట్టి ఆట పది దాటాక గానీ మొదలవదు. టికెట్లు సుమారు నెల ముందు అమ్మకానికి పెడతారు. ఈమధ్య శని ఆదివారాలే కాదు, పనిరోజులవీ చూస్తుండగానే అయిపోతున్నాయి.

తోక్యోలో ఆట జరిగేది ర్యోగొకు కొకుగికాన్‌లో. 1985లో తెరిచిన ఈ భవనంలో సుమారు పదకొండు వేలమంది పడతారు. జేఆర్ (జపాన్ రైల్వే) సోబు లైన్‌లో ర్యోగొకు స్టేషన్ పడమటి ద్వారం దాటితే రెండు నిమిషాల నడక. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే నిషి-కసాయి నుంచి వచ్చేవాళ్లు తోజాయ్ లైన్‌లో మోన్జెన్-నకచో దాకా వచ్చి, ఓఎదో లైన్‌కి మారితే మూడో స్టేషనే ర్యోగొకు. అక్కడి నుంచి కాస్త ఎక్కువ నడవాలి, అంతే. దారి పొడుగునా మల్లుల పేర్లు రాసిన రంగు రంగుల జెండాలు నిలబెట్టి ఉంటాయి. గేటు దగ్గర పదహారు మీటర్ల ఎత్తు మంచె మీద పొద్దున్నే డోలు వాయిస్తారు.

సీటు సంగతి ముందే తేల్చుకోవాలి. గోదాని ఆనుకుని నేల మీద పరుపులు వేసే చోటు తమరి-సెకి. అక్కడ తిండి, నీళ్లు, ఫోన్లు, ఫోటోలు ఏవీ కుదరవు, చిన్నపిల్లల్ని రానివ్వరు. నూట యాభై కిలోల మనిషి ఒళ్లో వచ్చి పడటం అక్కడ మామూలే. దాని వెనక మసు-సెకి: ఇనప కడ్డీలతో విడదీసిన గళ్లు, ఒక్కోటి సుమారు 1.3 మీటర్ల చదరం, అందులో నాలుగు పరుపులు. చెప్పులు విప్పి కూర్చోవాలి. బాసింపట్టు వేసుక్కూర్చోవడం అలవాటున్న మనకి కూడా నలుగురైతే మోకాళ్లు పట్టేస్తాయి. నలుగురి గడిలో ఇద్దరు కూర్చుంటే హాయి. రోజంతా ఉండదలిస్తే పై అంతస్తు కుర్చీలే నయమని నా అభిప్రాయం. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ ఉంటే వేళ్ల పట్టు కూడా కనబడుతుంది.

ఏ వైపు అన్నది కూడా ముఖ్యమే. షోమెన్ అంటే ముందువైపు, టీవీ కెమెరా ఉండే వైపు. అక్కడ కూర్చుంటే తూర్పు జట్టు ఎడమ చేతివైపు, పడమటి జట్టు కుడివైపు. యొకొజునా, అంటే అత్యున్నత శ్రేణి మల్లుడు, గోదా ప్రవేశం అనే వేడుకలో ముఖం ఇటే తిప్పుతాడు. ఎదుటివైపు ముకోజోమెన్‌లో కూర్చుంటే రిఫరీ వీపు, యొకొజునా నడుముకి కట్టిన తాడు ముడి కనిపిస్తాయి. ముడి చూడాలనుకునేవాళ్లు కావాలనే అటు కొంటారు. ద్వారం దగ్గర ఆ రోజు పోటీల పట్టిక ఉచితంగా ఇస్తారు, ఇంగ్లిష్‌ది కూడా ఉంటుంది. అది తప్పకుండా తీసుకోవాలి, ఎందుకంటే హాల్లో దీపాల బోర్డు మీద పేర్లు జపనీస్ అక్షరాల్లోనే వస్తాయి.

పొద్దున హాలు దాదాపు ఖాళీ. గోదా మీద పడ్డ దెబ్బ చప్పుడు పైకప్పు దాకా వినిపిస్తుంది. అన్నిటికన్నా కిందివైన జోనొకుచి, జోనిదాన్ తరగతులవాళ్లు వరసగా వస్తుంటారు. వాళ్లలో పదిహేను పదహారేళ్ల బక్కపల్చటి కుర్రాళ్లుంటారు, నలభై దాటినవాళ్లూ ఉంటారు. నల్ల నూలు గోచీ, దానికి వేలాడే మెత్తటి దారాలు. ఉప్పు చల్లరు, నీళ్లు పుక్కిలించరు. సిద్ధపడటానికి గరిష్ఠంగా రెండు నిమిషాలని నియమం ఉన్నా అంతసేపు కూడా పట్టదు. పిలుపు, గుద్దు, తీర్పు, తర్వాతి జత. రిఫరీ కూడా చిన్నవాడే, దుస్తుల అంచు మోకాళ్ల దాకా ఎగగట్టి వట్టి కాళ్లతో నిలబడతాడు. ఈ వివరాలన్నీ గుర్తుపెట్టుకోండి. రోజు గడిచేకొద్దీ మారేవి ఇవే.

గోదాని కూడా ఇప్పుడే తీరిగ్గా చూడాలి. 6.7 మీటర్ల చదరపు మట్టి దిమ్మె. దాన్ని ప్రతి బాషోకి కొత్తగా, చేత్తో దిమ్మిస కొట్టి కట్టేది యొబిదాషిలే, అంటే మల్లుల పేర్లు పిలిచేవాళ్లు. బాషోకి ముందురోజు పూజ చేసి నడిమధ్య గుంటలో చెస్ట్‌నట్లు, కడిగిన బియ్యం, సముద్రపు నాచు, ఎండబెట్టిన స్క్విడ్, ఉప్పు, కయ కాయలు పాతిపెడతారు. వరిగడ్డి మూటలు సగం పైగా మట్టిలోకి దించి 4.55 మీటర్ల వ్యాసంతో బరి గీస్తారు. నాలుగు దిక్కులా ఒక్కో మూటని కొద్దిగా వెనక్కి జరుపుతారు, వాటి పేరు తొకుదవరా. అంచుకి నెట్టుకొచ్చిన మల్లుడు అక్కడికి కాలు చేరిస్తే మూట మందమంత చోటు అదనంగా దొరుకుతుంది, దానితోనే తట్టుకుని తిరగబడ్డవాళ్లున్నారు. బరి చుట్టూ సన్నటి ఇసుక పరిచి, పోటీ పోటీకీ చీపురుతో ఊడుస్తారు. మడమ బయట తగిలితే ఆ ఇసుకలో ముద్ర పడుతుంది. పైన వేలాడే కప్పు ఆరు టన్నుల పైచిలుకు. చూసేవాళ్లకి అడ్డు రాకుండా 1952లో స్తంభాలు తీసేశాక, వాటికి గుర్తుగా నాలుగు మూలలా ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు, నలుపు కుచ్చులు మిగిల్చారు.

మధ్యాహ్నం తిండికి నేలమాళిగ హాలులో చాంకో అమ్ముతారు. మల్లుల వసతిగృహాల్లో వండుకునే కోడిమాంసం, కూరగాయల పులుసు అది. చికెన్ యకితోరి కూడా ఈ భవనం నేలమాళిగలోనే కాలుస్తారు. చల్లారాక తిన్నా బాగుండేలా చేస్తారు. శాకాహారులకి మాత్రం ఇక్కడ కష్టం. కూరగాయలే కనిపించినా చారు చేపదో కోడిదో అయి ఉంటుంది. బయటికెళ్లి ఒక్కసారి తిరిగి రానిస్తారు కాబట్టి, మధ్యాహ్నం ఆ వెసులుబాటు వాడుకుని స్టేషన్ పక్కన తిని రావడం మేలు. వెళ్లేముందు గేటు దగ్గర అడిగి ముద్ర వేయించుకోవాలి.

తిరిగి వచ్చేది రెండింటికి కాస్త ముందుగా ఉండేలా చూసుకోండి. పై రెండు తరగతులైన జూర్యో, మకుఉచివాళ్లు, అంటే సెకితోరిలు, ఆ వేళకి కిమోనోల్లో దక్షిణ ద్వారం నుంచి నడిచి వస్తారు. యొకొజునాలు, వాళ్ల తర్వాతి శ్రేణి ఓజెకిలు మాత్రం కారులో తిన్నగా నేలమాళిగలోకి వెళ్లిపోతారు. వచ్చేవాళ్ల కాళ్లవైపు చూస్తే తరగతి తెలుస్తుంది: జోనిదాన్ దాకా కొయ్య చెప్పులు, దాని పైదైన సందాన్‌మే నుంచి సెత్తా అనే గడ్డి చెప్పులు.

అందరూ దాటేసే పోటీల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జూర్యోకి సరిగ్గా కింది తరగతి, మకుషితా, చివరి అయిదు. జూర్యో వాళ్ల గోదా ప్రవేశం అయ్యాక ఇవి జరుగుతాయి. మకుషితాలో 120 మంది. జీతం లేదు. పైనున్న జూర్యోలో 28 మందే, నెలకి పదకొండు లక్షల యెన్లు, సేవకులు, సొంత గది. ఆ గీత దాటడానికి పెనుగులాడేవాళ్లు, అక్కడి నుంచి జారిపడకుండా కాచుకునేవాళ్లు ఈ అయిదు పోటీల్లో తలపడతారు. సాయంత్రం పెద్దవాళ్ల పోటీల్లో కూడా ఇంత ఆకలి కనిపించదు.

జూర్యోతో ఉప్పు మొదలవుతుంది. రంగు పట్టు గోచీ, జిగురు పెట్టి కడ్డీల్లా బిరుసెక్కించిన దారాలు, గింకో చెట్టు ఆకులా విప్పారిన సిగ. సిద్ధపడే గడువు మూడు నిమిషాలకి పెరుగుతుంది, రిఫరీ కాళ్లకి తెల్ల మేజోళ్లొస్తాయి. మకుఉచికి వచ్చేసరికి గడువు నాలుగు నిమిషాలు, మల్లుడి సొంత పరుపు, పై వరస రిఫరీలకి మేజోళ్ల మీద గడ్డి చెప్పులు.

మూడున్నర దాటాక మకుఉచి గోదా ప్రవేశం, తర్వాత యొకొజునాలది. ఈ బాషోలో ఇద్దరు: మంగోలియా నుంచి వచ్చిన 74వ యొకొజునా హోషోర్యు, ఇషికావాకి చెందిన 75వ యొకొజునా ఓనొసాతో. ఇద్దరిదీ ఉన్ర్యు పద్ధతే. నడుము వెనక తాడుకి ఒక్క ముడి. వంగి లేచేటప్పుడు ఎడమ చెయ్యి పక్కకి ఆనించి కుడి చెయ్యి చాస్తారు.

నాలుగు నిమిషాలూ ఏం చూడాలో తెలియక చాలామంది విసుగు పడతారు. ఉప్పు చల్లడం, గీత దగ్గర వంగడం, మళ్లీ లేచి మూలకి వెళ్లడం, ఇదంతా కాలయాపనగా కనిపిస్తుంది. రెండు తెల్ల గీతల మధ్య దూరం 70 సెంటీమీటర్లే. వంగిన ప్రతిసారీ ఇద్దరూ ఎదుటివాడి ఊపిరి, బరువు ఏ కాలి మీద ఉందో చదువుతుంటారు. గడువు ముగిసిందని తెలియడానికి గడియారం అక్కర్లేదు. మూలలో యొబిదాషి లేచి తుండు అందిస్తాడు, మల్లుడు ముఖం గట్టిగా తుడుచుకుంటాడు, హాలంతా ఒక్కసారి గోల మొదలవుతుంది. ఇక రెండు చేతులూ నేలకి ఆనాల్సిందే, ఆ తర్వాతే దూకుడు.

చాలా పోటీలు పది సెకన్లలోపే తేలిపోతాయి కాబట్టి మొదటి గుద్దు మీదే కళ్లుండాలి. అధికారికంగా గెలుపు పట్లు 82. ఎక్కువగా కనిపించేవి యొరికిరి, అంటే గోచీ పట్టుకుని బయటికి నడిపించడం, ఓషిదాషి, అంటే నెట్టేయడం. యొరికిరిలో తుంటి ఎవరిది కిందికి ఉంటే వాడిదే పైచేయి. ఎదుటివాడి చంకకింద నుంచి చెయ్యి దూర్చి గోచీ అందుకున్నాడంటే సగం పని అయినట్టే. ఓడిపోయేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. తల బాగా దించి దూసుకెళ్తారు, కాళ్లు వెనకే ఉండిపోతాయి. ఎదుటివాడు పక్కకి తప్పుకుని మెడ మీద ఒక్కటి వేస్తే బోర్లా పడతారు. అది హతకికోమి. ఇంకో పొరపాటు, నెట్టే ఊపులో తన కాలే ముందు బయట పెట్టడం. అప్పుడు నెట్టినవాడే ఓడినట్టు.

తీర్పు మీద అనుమానం వస్తే చుట్టూ కూర్చున్న అయిదుగురు నల్ల దుస్తుల నిర్ణేతలు గోదా ఎక్కి మాట్లాడుకుంటారు. ఇసుకలో ముద్ర చూసినవాడి మాటకి విలువుంటుంది. 1969 నుంచి వీడియో గది మాట కూడా వింటారు. ఆ ఏడాది మార్చిలో యొకొజునా తైహో 45 వరస గెలుపులు ఒక తప్పుడు తీర్పుతో తెగిపోవడం అందుకు కారణం. తేలకపోతే మళ్లీ పోటీ పెడతారు.

పెద్ద పోటీల ముందు బరి చుట్టూ తిప్పే జెండాలు బహుమతి సొమ్మువి, ఒక్కోటి 70,000 యెన్లు. గెలిచినవాడు కుడి చేత్తో ఎడమ, కుడి, మధ్య గాలిని కోసినట్టు ఊపి కవర్ల కట్ట అందుకుంటాడు. చేతికొచ్చేది ఒక్కోదానికి 30,000. మిగతాది పన్నులకి, సుమో సంఘం ఖర్చులకి పోతుంది. యొకొజునా తన కింది శ్రేణివాడి చేతిలో ఓడితే పరుపులు ఎగురుతాయి. విసరొద్దని మైకులో చెబుతూనే ఉంటారు. పిల్లలతో కింద కూర్చున్నవాళ్లు ఆ క్షణంలో వాళ్ల తలలకి చేతులడ్డం పెట్టాలి.

చివరి పోటీ ఆరింటికి కొద్దిగా ముందు ముగుస్తుంది. ఆఖరి ఆదివారమైతే బహుమతి ప్రదానం కోసం అరగంట ముందే. వెంటనే లేచిపోకండి. విల్లు తిప్పే వేడుక రోజూ ఉంటుంది, రెండు నిమిషాలే పడుతుంది. తలపైకి ఓసారి చూస్తే గత విజేతల నిలువెత్తు చిత్రాలు 32 కనిపిస్తాయి, ఒక్కోటి మూడు మీటర్ల పైన ఎత్తు. తోక్యో బాషో జరిగినప్పుడల్లా రెండు కొత్తవి ఎక్కుతాయి, రెండు పాతవి దిగుతాయి. బయట మంచె మీద మళ్లీ డోలు మోగుతుంది. జేఆర్ ప్లాట్‌ఫాం ఆ సమయానికి కిక్కిరిసి ఉంటుంది, మెట్ల దగ్గరే పది ఇరవై నిమిషాలు ఆగాల్సి రావచ్చు. ఓఎదో లైన్ వైపు నడిచేవాళ్లకి ఆ బెడద తక్కువ.