బైపాస్ పడితే సింగపూర్ గతేంది?

సంక్రాంతికి మా బావ సింగపూర్ నుంచి వచ్చినాడు. దామలచెరువులో అత్తోళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుంటే వచ్చినోళ్ళంతా అడిగేది ఒకటే, అక్కడ అంతా అద్దం మాదిరి ఉంటుందంట కదప్పా అని. మనకి చిన్నప్పటి నుంచి అదే కదా, మైకు పట్టుకున్న ప్రతి లీడరూ సింగపూర్ చేసి చూపిస్తా అనేవాడే. బావ టీ తాగతా "అది దేశం కాదు పెదనాయనా, జంక్షన్లో అంగడి" అన్నాడు. అందరూ నవ్వినారు గానీ నాకు మాత్రం ఆ మాట అట్లే ఉండిపోయింది.

ఎందుకంటే మా మేనమామకి చిత్తూరు తిరపతి పాత రోడ్డు మీద టీ అంగడి ఉండేది. లారీలు, బస్సులు, కొండకి పొయ్యే కార్లు, పొద్దున నాలుగుకి పొయ్యి ముట్టిస్తే రాత్రి పదకొండుకి ఆర్పేవాడు. సిక్స్ లైన్ రోడ్డు పడింది, అంతే. టీ రుచి మారలేదు, ఆయన చెయ్యి మారలేదు, బండ్లు మాత్రం అటు పోతా ఉండాయి. ఇప్పుడు ఆ రేకుల కింద ఆయన స్కూటరు పెట్టుకుంటా ఉండాడు.

సింగపూర్ భయం కూడా సరిగ్గా అదే అంట. మలక్కా జలసంధి మొనలో ఉంది కాబట్టి తూర్పుకీ పడమరకీ పొయ్యే ఓడలు ఆగుతాయి, 2024లో నాలుగు కోట్ల పైన కంటైనర్లు ఆ పోర్టు దాటినాయి, అందులో ఎక్కువ భాగం ఆ ఊర్లో దిగేవి కాదు, ఒక ఓడ దిగి ఇంకో ఓడ ఎక్కేవే. థాయ్‌లాండ్ వాళ్ళేమో వాళ్ళ సన్నటి నడుము దగ్గర ఆ సముద్రానికీ ఈ సముద్రానికీ దారి వేస్తాం అని ఎప్పటినుంచో అంటానే ఉండారు, ఒకప్పుడు కాలవ అన్నారు, ఇప్పుడు రోడ్డూ రైలూ అంటా ఉండారు. పడుతుందో లేదో దేవుడికెరుక, కానీ అంగడోడికి బైపాస్ సర్వే రాయి కనపడితేనే నిద్ర పట్టదు కదా.

సైజు చూస్తే మన పాత చిత్తూరు జిల్లాలో ఇరవై సింగపూర్లు పడతాయి. జనం 60 లక్షల పైన. తినేదాంట్లో 90 శాతం పైగా బయటదే, తాగే నీళ్ళల్లో కూడా కొంత మలేషియా నుంచి పైపుల్లో రావాల్సిందే, 1962 నాటి ఒప్పందం 2061 దాకా ఉంది, తర్వాత సంగతి ఇప్పటి నుంచే తలనొప్పి. అందుకే మురుగు నీళ్ళు కూడా శుద్ధి చేసి వాడతా ఉండారు. ఎగుమతి, దిగుమతి కలిపి వ్యాపారం లెక్క వాళ్ళ జీడీపీకి మూడింతలు. అంగట్లో ఏడాదికి లక్ష మిగిలిందంటే మూడు లక్షల పైన సరుకు చేతులు మారినట్టు, ఎవరైనా అవతల తలుపేస్తే లక్ష కూడా లేదు.

తలుపేసినారు కూడా. 2022 జూన్‌లో మలేషియా వాళ్ళు మాకే చాల్లేదని కోళ్ళ ఎగుమతి ఆపేసినారు. సింగపూర్ తినే కోడిలో మూడో వంతు అక్కడిదే, చికెన్ రైస్ అమ్ముకునేవాళ్ళు తల పట్టుకున్నారు. 2023లో మనం తెల్ల బియ్యం ఎగుమతి ఆపినాం, తర్వాత సింగపూర్‌కి మాత్రం స్నేహం అని మినహాయింపు ఇచ్చినాం. మనమేం తక్కువ కాదులే, మొన్న 2025లో బెంగళూరా మామిడికాయకి రేటు లేనప్పుడు కర్ణాటక కాయల్ని మన బార్డర్లో ఆపినాం కదా. ఆ ఏడాది మా కాయకి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు 8, గవర్నమెంటు 4, మొత్తం కిలోకి 12 రూపాయలు అన్నారు, మా నాయన రెండు రాత్రులు ట్రాక్టర్ మీదే పడుకున్నాడు ఫ్యాక్టరీ గేటు ముందర. తోటలో చెట్టు మనది, రేటు మాత్రం గుజ్జు కొనే ఏ దేశంవాడో చెప్పాల. సరేలే, ఆ కథ మొదలుపెడితే ఇంకో పోస్టు అవుతుంది.

నాకు బాగా నచ్చింది వాళ్ళ ధరల కంట్రోలు. మన రిజర్వ్ బ్యాంకు వడ్డీ పెంచుతుంది, తగ్గిస్తుంది, వాళ్ళు అది చెయ్యరు. 1981 నుంచి వాళ్ళ డాలరు విలువనే పట్టుకుని నడిపిస్తా ఉండారు. అన్నీ కొనుక్కునేవే కాబట్టి డాలరు కొంచెం బలపడనిస్తే బయట సరుకు చవగ్గా వస్తుంది, మరీ బలపడితే వాళ్ళు అమ్మేది గిట్టదు. మోకు మరీ బిగించకూడదు, మరీ వదలకూడదు.

అమెరికాతో అయితే పాపం 2004 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది, అమెరికా సరుకు మీద వీళ్ళు సుంకం వెయ్యరు, పైగా ఆ వ్యాపారంలో లాభం అమెరికాదే, అయినా 2025 ఏప్రిల్‌లో 10 శాతం పడింది. మన మీద దాంతో పోలిస్తే చాలా ఎక్కువే వేసినారు గానీ మనకి కొనుక్కునే జనం ఇంట్లోనే ఉండారు, వాళ్ళకి లేరు. తక్కువ టాక్సు చూపించి పెద్ద కంపెనీలని పిలుచుకునే పాత ఉపాయం కూడా, ప్రపంచమంతా కనీసం 15 శాతం అనే రూలు వచ్చినాక అంత పనిచెయ్యదు. ఖర్చులు పెరుగుతా ఉండాయని జీఎస్టీ 7 నుంచి 2023లో 8, 2024లో 9 చేసినారు. మన జీఎస్టీ చూసినోళ్ళకి 9 అంటే నవ్వొస్తుంది గానీ వాళ్ళకి అదే పెద్ద గొడవ.

ఇవన్నీ ఒక ఎత్తు, మనుషులు లేకపోవడం ఒక ఎత్తు. ఆడమనిషికి సగటున ఒక బిడ్డ కూడా లేదు, 2023లో 0.97. ముసిలోళ్ళు పెరుగుతా ఉండారు, పని చేసేవాళ్ళు కావాల, అందుకని మా బావలాంటోళ్ళని రానిస్తారు, రానిస్తే అక్కడోళ్ళకి కోపం, మా ఉద్యోగాలు పోతాయి, ఇళ్ళ అద్దెలు పెరుగుతాయి అని. అందుకని ఆఫీసు ఉద్యోగాల పాస్‌కి కనీస జీతం పెంచుకుంటా పోయి 2025లో నెలకి 5,600 సింగపూర్ డాలర్లు చేసినారు. ఇటు తియ్యలేరు, అటు వెయ్యలేరు. బావకి రెన్యువల్ వచ్చినప్పుడల్లా అక్క ఇక్కడ అమ్మవారికి ముడుపు కడతాది.

పిల్లల్ని కనండి అని అక్కడ గవర్నమెంటు మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ తలా 11,000 డాలర్లు ఇస్తుందని బావ చెప్తా ఉంటే మా అత్త చేటలో బియ్యం ఏరేది ఆపేసింది. అక్కకి ఒక్కడే పిల్లోడు, రెండోది ఎప్పుడు అని ఆమె మూడేళ్ళుగా అడగతా ఉంది.

"మన రూపాయల్లో ఎంత రా?"

"ఏడు లక్షల పైనే. మనకివ్వరు మా, మనం అక్కడ సిటిజన్లం కాదు."

అత్త మళ్ళీ చేట తీసుకునింది. "వాళ్ళియ్యకపోతే ఏం లే, నేనిస్తా" అనింది. బావ లేచి పెరట్లోకి పోయినాడు.