బాబాయి పూరీలు, ఎల్‌డీఎల్ తీసివేత

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం మా బాబాయి రెండు రిపోర్టులు పట్టుకుని ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చాడు. స్టీల్‌ప్లాంటులో రిటైరై పన్నెండేళ్లయింది. రోజూ ఆర్కే బీచ్‌లో నడక, ఆ నడకలో పోగయ్యే వైద్య సలహాలు, అదీ ఆయన దినచర్య.

"ఏటమ్మా, మూడు రోజుల్లో చెడ్డ కొలెస్ట్రాల్ ఇరవై నాలుగు దిగిపోయింది చూడు. వెల్లుల్లి పనిచేసింది. ఇంక ఆ కొలెస్ట్రాల్ మాత్ర సగమే వేసుకుంటాను" అన్నాడు.

ముప్ఫై ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసినదాన్ని. మూడు రోజుల్లో ఇరవై నాలుగు అంటే నాకు వెల్లుల్లి గుర్తుకు రాదు. కళ్లజోడు పెట్టుకుని చూశాను. సోమవారం రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 206, హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ 40, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150, ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ 136. గురువారం వేరే ల్యాబ్‌లో అవే వరసగా 204, 39, 265, 112.

"ఇవాళ ఏం తిని వెళ్లావు బాబాయ్?"

"ఏమీ లేదమ్మా. రాత్రి గాజువాకలో పెళ్లి భోజనం. పొద్దున్న రెండు పూరీలు. ఏం పర్లేదంది ల్యాబ్ అమ్మాయి."

ఆ అమ్మాయి తప్పు చెప్పలేదు. మొత్తం కొలెస్ట్రాల్‌కీ హెచ్‌డీఎల్‌కీ పరగడుపు పెద్దగా అక్కర్లేదు. మామూలుగా పరగడుపు లేకుండానే ఈ పరీక్ష చేయొచ్చని 2016లో ఐరోపా నిపుణులు కూడా అన్నారు. చిక్కంతా ఎల్‌డీఎల్‌తోనే. ఎందుకంటే ఈ రెండు రిపోర్టుల్లోనూ దాన్ని ఎవరూ కొలవలేదు. తీసివేత చేశారు.

మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్లని అయిదుతో భాగించి, వాటితో కలిసి తిరిగే కొలెస్ట్రాల్ అంత ఉంటుందనుకుని, అదీ తీసేస్తారు. మిగిలిందే ఎల్‌డీఎల్. సోమవారం 150ని భాగిస్తే 30, గురువారం 265ని భాగిస్తే 53. పూరీలు పెంచిన కొవ్వే లెక్కలోకి దూరి చెడ్డ కొలెస్ట్రాల్‌ని తగ్గించి చూపించిందన్నమాట! తిన్నాక రక్తంలోకి వచ్చే కొవ్వు బొట్లలో ట్రైగ్లిజరైడ్లే ఎక్కువ, కొలెస్ట్రాల్ చాలా తక్కువ. అయిదో వంతు అనే లెక్క వాటికి సరిపడదు.

ఈ సూత్రాన్ని 1972లో అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్సన్ అనే ముగ్గురు ఇచ్చారు. 448 మంది రక్తం మీద కట్టిన లెక్క. నిజంగా కొలవాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే మహా వేగంగా తిరిగే యంత్రంలో సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక తేరే నీటిని, గంటల తరబడి తిప్పి, తేలినదాన్ని తేలినట్టు విడదీయాలి. అది ఊరూరా అయ్యే పనా? అందుకే ఈ తీసివేత ప్రపంచమంతా పాకింది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే వాడొద్దని వాళ్లే చెప్పారు. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్లు పదమూడు లక్షల పైచిలుకు మంది ఫలితాలు చూసి, అందరికీ అయిదే ఏంటి, మనిషిని బట్టి భాగించే అంకె మారాలి అని ఒక పట్టిక ఇచ్చారు. మన దగ్గర చాలా రిపోర్టులు ఇంకా అయిదు దగ్గరే ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ ఉండే ఒళ్లు మనవి. అదే నాకు కోపం.

నేను చదువుకునే రోజుల్లో కొలెస్ట్రాల్ అంటే పచ్చ రంగు. సీరంలో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, పచ్చగా మారగానే చీకట్లో పెట్టి, సరిగ్గా టైముకి రంగు చిక్కదనం కొలిచే కలరీమీటర్‌లో రీడింగ్ తియ్యాలి. నీటి తడి తగిలిందా, అంతే సంగతి. విశాఖ ఉక్కపోతలో పిపెట్టు పొడిగా ఉంచడమే సగం పరీక్ష. కామెర్లవాళ్ల సీరం అయితే అంకె ఊరికే పైకి పోయేది. ఆ ఆమ్లం చుక్క నేత చీర మీద పడితే అప్పటికేమీ కనపడదు. ఉతికాక కన్నం.

తర్వాత ఎంజైము కిట్లు వచ్చాయి. పచ్చ పోయి గులాబీ రంగు వచ్చింది. ముప్ఫై ఏడు డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచితే చాలు, చీరలు బతికాయి. కానీ ఎంజైముకి ఫ్రిజ్ కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి కరెంటు పోయినప్పుడు కిట్లన్నీ పారేశాం. ఆమ్లం సీసాలకి తుపానులతో పనిలేదు.

హెచ్‌డీఎల్‌కి కూడా అప్పట్లో మందు కలిపి మిగతా కొలెస్ట్రాల్‌ని అడుక్కి దించి, పైన తేరిన నీటిలో చూసేవాళ్లం. పాలలా తెల్లగా ఉన్న సీరం అయితే అడుక్కి దిగదు. దిగనిది హెచ్‌డీఎల్‌లో కలిసి మంచి కొలెస్ట్రాల్ బాగుందని వస్తుంది. ఆ అంకెనే మళ్లీ మొత్తంలోంచి తీసేస్తే ఎల్‌డీఎల్ ఇంకా తక్కువ. ఒక తప్పు రెండు శుభవార్తలు.

ఇప్పుడు ఎల్‌డీఎల్‌ని తిన్నగా కొలిచే 'డైరెక్ట్' కిట్లు ఉన్నాయి. సబ్బులాంటి పదార్థాలతో మిగతావాటిని అడ్డుకుని ఎల్‌డీఎల్‌కే రంగు తెప్పిస్తాయి. కంపెనీకో రసాయనం, పైగా ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువైతే ఇవీ తడబడతాయి. అయినా పూరీల లెక్క కంటే నయం.

"అయితే తగ్గనట్టేనా?" అన్నాడు బాబాయి, ముఖం చిన్నబుచ్చుకుని.

కాగితం వెనక రాసి చూపించాను. 206లోంచి 40 పోతే 166. 204లోంచి 39 పోతే 165. హెచ్‌డీఎల్ కాని కొలెస్ట్రాల్ మొత్తం ఇది, దీనికి ట్రైగ్లిజరైడ్లతో పనిలేదు, పూరీలతో అసలే లేదు. మూడు రోజుల్లో తేడా ఒకటి. ఏ ఇద్దరు టెక్నీషియన్లు చేసినా అంతకంటే ఎక్కువే తేడా రావచ్చు.

మాత్ర సంగతి డాక్టరుగారిని అడగకుండా ముట్టుకోవద్దన్నాను. ఇక మీదట చేయిస్తే ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో, పన్నెండు గంటల పరగడుపుతో వెళ్లి, ఎల్‌డీఎల్ డైరెక్టా లెక్కా అని అడగమన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి వెల్లుల్లి?"

"పప్పులో వేయించు బాబాయ్, బాగుంటుంది."