మెట్రో స్టేషనుకు దగ్గరలోని మా ఇంటిని డెవలప్‌మెంటుకు ఇచ్చిన అనుభవం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషను నుంచి మా ఇల్లు ఏడు నిమిషాల నడక. నాన్నగారు 300 గజాల్లో కట్టించిన ఆ ఇంట్లో కింద మేము, పైన అద్దెకు మరో కుటుంబం, అంతా కలిపి తొమ్మిది మందిమి ఉండేవాళ్లం. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైనప్పటి నుంచి ఇల్లు డెవలప్‌మెంటుకు ఇమ్మంటూ, అంటే పాత ఇల్లు కూల్చి తమ ఖర్చుతో ఫ్లాట్లు కట్టి వాటిని మాతో పంచుకుంటామంటూ, బిల్డర్లు గేటు తడుతూనే ఉన్నారు. కొన్నేళ్ల తర్వాత అమ్మా, అన్నయ్యా, నేనూ కూర్చుని సరేననుకున్నాం.

“మెట్రో వచ్చింది కాబట్టే మీ స్థలానికి ఇంత విలువ వచ్చిందమ్మా, సగం సగం పంచుకుందాం” అన్నారు మేము మాట్లాడిన బిల్డరు. స్టేషనుకు మా అంత దూరంలోనే, కానీ వెడల్పైన రోడ్డు మీద ఉన్నవారికి ఇంకా ఎక్కువ వాటా ఇస్తున్నారని తెలిసి, కారణమేమిటో తెలుసుకునే దాకా సంతకం పెట్టకూడదని నేను పట్టుబట్టాను. స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదనే ఎఫ్ఎస్ఐ పరిమితి హైదరాబాదులో 2006 నుంచి లేదు. ఎంత ఎత్తు కట్టవచ్చో స్థలం విస్తీర్ణాన్ని, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి నిర్ణయిస్తారు, చుట్టూ వదలవలసిన ఖాళీ కూడా వాటిని బట్టే ఉంటుంది. వెడల్పైన రోడ్డు మీదివారికి ఎక్కువ వాటా వచ్చేది అందుకే. టవర్ లాంటి ఎత్తైన భవనం కట్టాలంటే కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం, 12 మీటర్ల రోడ్డు ఉండాలి. మా చుట్టుపక్కల వీధుల్లో అంత స్థలం ఎవరికీ లేదు. అందుకే స్టేషను పక్కనే ఉన్నా ఇక్కడ ఒక్కసారిగా టవర్లు లేవవు, జనసాంద్రత ఒక్కొక్క ఇల్లు కూలి ఒక్కొక్క అపార్ట్‌మెంటు లేచిన కొద్దీ పెరుగుతుంది. ఇదే కారిడారులో మూసారాంబాగ్ స్టేషను దగ్గర పెద్ద స్థలం ఉంది కాబట్టి మాల్ వచ్చింది. అసలు ఈ మెట్రో ఒప్పందంలోనే, దాన్ని కట్టిన ఎల్ అండ్ టీ సంస్థకు 185 లక్షల చదరపు అడుగుల మేర నిర్మాణ హక్కులు ఇచ్చారు. టికెట్ల డబ్బుతో మాత్రమే కాక, స్టేషన్ల చుట్టూ ఉన్న నేల విలువతోనూ రైలు నడవాలన్నది అందులోని ఆలోచన.

మా వీధిని లేఅవుట్ కాగితంలో 30 అడుగులని రాశారు. ఇంజనీరు గారు వచ్చి టేపు పట్టి కొలిస్తే 25 అడుగులే తేలింది. నిబంధన ప్రకారం రోడ్డు మధ్య నుంచి 15 అడుగులు ఉండాలి కాబట్టి, 50 అడుగుల మా ముఖభాగం పొడవునా రెండున్నర అడుగుల పట్టీ, అంటే దాదాపు 14 గజాలు, రోడ్డుకు వదిలేయాలి. నాన్నగారు నాటిన నందివర్ధనం సరిగ్గా ఆ పట్టీలోనే ఉంది. సుద్దగీత చెట్టు మొదలుకు ఇవతలగా పడడం చూసి అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట నాకు ఈ పని మొత్తం మానేద్దామనిపించింది.

అనుమతి మాత్రం త్వరగానే వచ్చింది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తుకు మించని ఇళ్లకు, యజమాని స్వీయ ధ్రువీకరణ మీద ఆన్‌లైనులో అప్పటికప్పుడు అనుమతి ఇచ్చే టీఎస్ బీపాస్ విధానం 2020లో అమలులోకి వచ్చింది. స్టిల్టు, అంటే కింద స్తంభాల మధ్య బళ్ల కోసం ఖాళీగా వదిలే అంతస్తు, దాని మీద మూడు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు.

పని మధ్యలో అసలు తగాదా వచ్చింది. స్టిల్టులో రెండు దుకాణాలు వేద్దామనీ, మెట్రో దిగి నడిచే జనం వల్ల ఫ్లాటు కంటే వాటికే ఎక్కువ అద్దె వస్తుందనీ బిల్డరు అన్నారు. ఆయన చెప్పిన అద్దె లెక్క తప్పు కాదు. కోచింగ్ సెంటర్లున్న మా పేటలో ఇళ్లు హాస్టళ్లుగా, వరండాలు టిఫిన్ సెంటర్లుగా మారుతున్నదీ ఆ లెక్కతోనే. కానీ స్టిల్టు పార్కింగుకే వదలాలి. అందులో దుకాణాలు వేస్తే ఆరు కుటుంబాల బళ్లూ వీధిలోనే నిలబడాలి, పైగా అనుమతి ప్రకారమే కట్టారని కార్పొరేషను ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాదు, అది రానిదే ఆ హామీగా కార్పొరేషనుకు తనఖా పెట్టిన పది శాతం విస్తీర్ణం విడిపించుకోలేము. అన్నయ్య మొదట ఆయన వైపే మాట్లాడాడు. చివరకు అమ్మే, “మన బండి మన గేటు లోపల ఉండాలి నాయనా” అని ఆ మాటను అక్కడితో ఆపేసింది. ఇప్పటికీ నేను ఆమెదే సరైన నిర్ణయమంటాను.

ఇప్పుడు ఆ స్థలంలో ఆరు కుటుంబాలు, 23 మంది ఉన్నాం. వారిలో ముగ్గురు రోజూ మెట్రోలోనే అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి వెళ్లివస్తారు. మా వాటా ఫ్లాట్ల విలువ పెరిగిన మాట నిజమే. వీధి కింద డ్రైనేజీ గొట్టం మాత్రం తొమ్మిది మంది కాలం నాటిదే. గట్టి వాన పడిన ప్రతిసారీ మ్యాన్‌హోల్ మూత దగ్గర నీళ్లు పైకి తన్నుతున్నాయి. కొత్త లైను కోసం మా వీధిలోని ఇళ్లవాళ్లందరం సంతకాలు చేసి అర్జీ పెట్టాం. మా గోడ ముందు ఆ రెండున్నర అడుగులు వెడల్పైన వీధి పక్క ఇంటి దగ్గరికి రాగానే మళ్లీ ఇరుకవుతుంది. ఆ ఇంటాయన కూడా డెవలప్‌మెంటుకు ఇస్తానంటున్నారు. ఆయన గోడ ఎంత లోపలికి జరగాలో మొన్న ఆదివారం ఇద్దరం టేపు పట్టి కొలిచాం.